పాత ఆట, కొత్త నియమాలు: చదరంగ చరిత్ర నేర్పే పాఠం

ఆట అనగానే అది కాలక్షేపమని తేలికగా తీసివేయడం మనలో చాలామందికి అలవాటు. కాని ఏ ఆటకైనా ప్రాణం నియమమే. ఆడేవారందరూ ఒకే నియమానికి కట్టుబడినప్పుడే ఆట మొదలవుతుంది. ఆ నియమం మారినప్పుడు, ఎంత ఆరితేరిన ఆటగాడైనా కొంతకాలం ఓనమాలు దిద్దుకోవలసిందే. అటువంటి మార్పు వచ్చినప్పుడు పాత ఆటగాళ్ళు ఏమయ్యారు, ఎవరు నిలదొక్కుకున్నారు, నిలదొక్కుకున్నవారికి తోడ్పడినదేమిటి అన్న ప్రశ్నలను చదరంగ చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ ఒకే కప్పు క్రింద వినిపించే మన కళాశాలకు ఈ విషయం తగినదని మేము భావిస్తున్నాము. షత్రంజ్ అన్నా, చదరంగం అన్నా, బల్ల ఒక్కటే. గళ్ళు అరవై నాలుగే.

చతురంగం నుండి షత్రంజ్ వరకు

ఏనుగులు, గుర్రాలు, రథాలు, పదాతులు అనే నాలుగు అంగాలు గల సైన్యానికి చతురంగ బలమని పేరు. ఆ పేరే ఆటకు వచ్చింది. క్రీస్తు శకం ఆరవ శతాబ్ద ప్రాంతంలో భారతదేశం నుండి ఈ ఆట పారశీక దేశానికి వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బుల చేతిలో షత్రంజ్ అయింది. పారశీక భాషలో రాజును షాహ్ అంటారు. ప్రత్యర్థి రాజును హెచ్చరించే మాట, ఆట ముగిసిందని చెప్పే షహ్ మాత్ అన్న మాట, రెండూ అక్కడి నుండే ప్రపంచమంతటా వ్యాపించాయి.

షత్రంజ్‌లో రాజు ప్రక్కన నిలిచే పావు ఫర్జీన్, అనగా మంత్రి. నేటి ఆటలో మంత్రి ఎంత బలవంతుడో మనకు తెలుసు. కాని ఆనాటి మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచేవాడు. బల్ల నడుమ నిలబెడితే నేటి మంత్రికి ఇరవై ఏడు గళ్ళ మీద అధికారం ఉంటుంది. ఆనాటి మంత్రికి నాలుగే. నేడు మనం శకటు అని పిలిచే పావు స్థానంలో ఆనాడు ఫీల్, అనగా ఏనుగు, ఉండేది. అది మూలగా సరిగ్గా రెండు గళ్ళు దుమికేది. ఒక్క గడి నడవడానికి గాని, మూడు గళ్ళు దాటడానికి గాని దానికి అనుమతి లేదు. కనుక ఆట ముగిసేలోగా అది చేరగలిగినవి మొత్తం ఎనిమిది గళ్ళే. బల్ల మీది నాలుగు ఫీల్‌లలో ఏ ఒక్కటీ మరొకదాని గడిని ఎన్నడూ తాకలేదు. మూలన ఉండే రుఖ్, గుర్రం, రాజు మాత్రం నేడు నడిచినట్లే ఆనాడూ నడిచేవి. తెలుగు వాడుకలో మూలన ఉండే పావును ఏనుగు అనీ, రాజుకూ మంత్రికీ చేరువలో ఉండే పావును శకటు అనీ అంటాము. అరబ్బుల వాడుకలో ఏనుగు రాజు, మంత్రుల చేరువలో ఉండేది. పావుల పేర్లు కూడా దేశం మారినప్పుడు స్థలం మార్చుకుంటాయనడానికి ఇది నిదర్శనం.

ఇట్టి నెమ్మదైన ఆటలో సైన్యాలు ఎదురుపడడానికి చాలా ఎత్తులు పట్టేవి. అందుచేత అరబ్బు నిపుణులు తొలి పది, పన్నెండు ఎత్తులలో పావులను ఏ వ్యూహంలో నిలపాలో ముందే నిర్ణయించుకుని, ఆ వ్యూహాలకు తాబియా అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిదవ శతాబ్దంలో అల్-అద్లీ, పదవ శతాబ్దంలో అస్-సూలీ ఈ శాస్త్రాన్ని గ్రంథస్థం చేశారు. తరతరాల పరిశ్రమ అందులో నిక్షిప్తమై ఉంది.

పదిహేనవ శతాబ్దపు విప్లవం

అరబ్బుల ద్వారా స్పెయిన్, ఇటలీ దేశాలకు చేరిన ఈ ఆట అక్కడ కొన్ని శతాబ్దాల పాటు ఇంచుమించు పాత రూపంలోనే సాగింది. మంత్రి స్థానంలో రాణి అన్న పేరు వచ్చినా, నడక మాత్రం ఒక్క గడిదే. పదిహేనవ శతాబ్దపు చివరి పాదంలో ఈ స్థితి మారింది. రాణికి ఎటు చూసినా ఎంత దూరమైనా నడిచే అధికారం లభించింది. ఫీల్ దుముకు పోయి, మూలగా ఎంత దూరమైనా నడిచే నేటి నడక వచ్చింది. రెండు పావుల నడక మారినంత మాత్రాన ఆట స్వరూపమే మారిపోయింది. పూర్వం ఇరవై ఎత్తుల తరువాత గాని మొదలు కాని యుద్ధం, ఇప్పుడు నాలుగైదు ఎత్తులలోనే రాజు ప్రాణం మీదికి రాసాగింది. ఇటలీలో ఈ కొత్త ఆటను పిచ్చి చదరంగమని, ఫ్రాన్సులో ఉన్మత్త రాణి చదరంగమని పిలిచారు. ఆ పేర్లలోనే పాత ఆటగాళ్ళ విస్మయం, కొంత విసుగు కూడా ధ్వనిస్తాయి.

ఈ మార్పును ఏ రాజూ శాసించలేదు. ఏ సంఘమూ తీర్మానించలేదు. కనుక కొంతకాలం రెండు ఆటలూ ప్రక్కప్రక్కనే నడిచాయి. స్పెయిన్‌లోని సలమాంకాలో 1497లో లూసెనా అనే రచయిత అచ్చు వేయించిన చదరంగ గ్రంథం ఇందుకు మంచి సాక్ష్యం. అందులోని నూట యాభై సమస్యలలో కొన్ని పాత పద్ధతివి, కొన్ని కొత్త పద్ధతివి; ఏది ఏ పద్ధతిదో గ్రంథకర్త గుర్తించి చూపాడు. రెండు కాలాల నడుమ నిలబడిన పాఠకునికి ఆయన రెండు వైపులా తలుపు తెరిచి ఉంచాడన్నమాట.

ఈ విప్లవంలో నష్టపోయినదేమిటి, నిలిచినదేమిటి అన్నది ఆలోచించదగిన విషయం. తాబియా వ్యూహాలన్నీ ఒక్కసారిగా నిరుపయోగమయ్యాయి. మంత్రి, ఫీల్ పావులతో కూర్చిన వందలాది సమస్యలు అర్థం కోల్పోయాయి. కాని రుఖ్, గుర్రం, రాజు నడకలు మారలేదు కదా! కనుక ఆ పావులతోనే ముగిసే ఆటల గురించి పాత నిపుణులు చేసిన విశ్లేషణ చెక్కుచెదరలేదు. ఒక వైపు రుఖ్, మరొక వైపు గుర్రం మాత్రమే మిగిలినప్పుడు ఎవరు గెలుస్తారన్న దానిపై అల్-అద్లీ కాలం నుండి వచ్చిన పరిష్కారం నేటికీ చెల్లుతుంది. తాబియా అన్న మాట కూడా చావలేదు. ఆరంభపు ఎత్తులు ముగిసి అసలు పోరు మొదలయ్యే స్థితిని చదరంగ నిపుణులు నేటికీ ఆ మాటతోనే వ్యవహరిస్తారు. నియమం మారినప్పుడు పాత విద్య అంతా వ్యర్థమైపోదు. ఏది పోయింది, ఏది మిగిలింది అని వేరు చేసి చూడగలగడమే మొదటి నేర్పు.

మన దేశంలో రెండు పద్ధతులు

ఆట పుట్టిన దేశంలో మార్పు వేరొక దారిన వచ్చింది. భారతదేశంలో వాడుకలో ఉన్న పద్ధతి ప్రాంతాన్ని బట్టి కొంత భేదించినా, ముఖ్య లక్షణాలు కొన్ని తరచుగా కనిపించేవి. బంటు తొలి ఎత్తులో కూడా ఒక్క గడి మాత్రమే నడిచేది. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రపు నడక నడవవచ్చు. చివరి వరుస చేరిన బంటు తాను కోరిన పావు కాలేదు. ఏ గడికి చేరితే ఆ గడికి చెందిన పావు మాత్రమే అయ్యేది. ఐరోపా పద్ధతిలో బంటు తొలి ఎత్తులో రెండు గళ్ళు నడవవచ్చు. చివరి వరుసలో రాజు తప్ప ఏ పావైనా కావచ్చు. తెల్లవారి పాలనతో పాటు వారి చదరంగ పద్ధతి కూడా మన దేశంలో అడుగుపెట్టినప్పుడు, మన నిపుణులు రెండు పద్ధతుల నడుమ నిలబడవలసి వచ్చింది.

ఆ సంధికాలంలో దక్షిణాదివారి కృషి ప్రత్యేకించి చెప్పుకోదగినది. తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో చదరంగ సమస్యలు రచించి, వాటిని ఐరోపా పద్ధతికి అనువుగా మార్చి, 1814లో బొంబాయిలో ఆంగ్ల గ్రంథంగా ప్రకటించారు. పాత విద్యను కొత్త నియమానికి అనువదించడమంటే ఇదే. మద్రాసుకు చెందిన గులాం ఖాసిం మరొక అడుగు ముందుకు వేశారు. మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య రెండు ఆటల పోటీ జరిగినప్పుడు మద్రాసు పక్షాన ఎత్తులు నిర్ణయించడంలో ప్రధాన బాధ్యత ఆయనదే. ఆ ఆటలనూ, ఐరోపా చదరంగంలోని ఒక సాహసోపేతమైన ఆరంభ పద్ధతి మీద విశ్లేషణనూ కలిపి, మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన జేమ్స్ కాక్రేన్‌తో కలిసి 1829లో మద్రాసులో గ్రంథంగా ప్రకటించారు. మన హైదరాబాదు పేరు చదరంగ వాఙ్మయంలో అంత పూర్వమే చేరిందన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

వంగదేశంలో మహేశ్ చంద్ర బెనర్జీ కథ ఇంకా విశేషమైనది. కలకత్తాలో న్యాయవాదిగా ఉన్న జాన్ కాక్రేన్ అనే ప్రసిద్ధ ఆటగానితో ఆయన పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వందలాది ఆటలు ఆడారు. బంటును ఒక్కొక్క గడే నడిపే అలవాటున్న దేశం నుండి వచ్చినవారు కావడం వలన, ఐరోపా ఆటగాళ్ళ వలె బల్ల నడుమకు బంట్లను ఒక్కసారిగా తోసుకురాక, వాటిని ఒదిగించి, శకటును ప్రక్క నుండి దూరదృష్టితో నిలిపే వ్యూహం ఆయన ఆటలో తరచు కనిపిస్తుంది. ఆనాటి ఐరోపా దృష్టికి ఇది వింత. కాని ఇరవయ్యవ శతాబ్దంలో ఈ తరహా ఆరంభాలకు ప్రపంచమంతటా ఇండియన్ డిఫెన్స్ అన్న పేరు స్థిరపడింది. 1922లో గ్రున్‌ఫెల్డ్ ప్రవేశపెట్టగా ఆయన పేర ప్రసిద్ధమైన ఆరంభాన్ని మహేశ్ చంద్రులు 1855లోనే కాక్రేన్ మీద ఆడి ఉన్నారు. పాత నియమం నేర్పిన అలవాటు కొత్త నియమంలో లోపంగా కాక సంపదగా పరిణమించడానికి ఇంతకన్న ఉదాహరణ ఏమి కావాలి?

ఈ మార్పు వెనుక వేదన లేకపోలేదు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన షత్రంజ్ కే ఖిలాడీ చిత్రంలో, 1856 నాటి లక్నో నవాబులకు ఆంగ్లేయుల చదరంగ పద్ధతి గురించి ఒక మిత్రుడు వివరిస్తాడు. చివరకు అవధ్ రాజ్యం చేజారిన తరువాత ఆ మిత్రులిద్దరూ ఆ కొత్త పద్ధతిలోనే ఆటకు కూర్చుంటారు. నియమాలు ఎప్పుడూ మనం కోరుకుంటేనే మారవని, కొన్ని మార్పులు అధికారం చేత వచ్చి పడతాయని ఆ దృశ్యం గుర్తు చేస్తుంది.

సుల్తాన్ ఖాన్ విజయ రహస్యం

కొత్త నియమానికి అలవాటు పడినవారిలో అగ్రగణ్యులు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులోని మీఠా టివానా గ్రామంలో జన్మించి, చిన్ననాడే తండ్రి వద్ద దేశీయ పద్ధతిలో చదరంగం నేర్చారు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ కొలువులో చేరిన తరువాత, యుక్తవయస్సులో ఐరోపా పద్ధతి నేర్చుకున్నారు. 1928లో అఖిల భారత పోటీలో నెగ్గి, 1929 వసంతంలో లండను చేరారు.

అక్కడ ఆయన కోసమే ఏర్పాటు చేసిన ఒక చిన్న అభ్యాస పోటీలో ఆయన అట్టడుగు స్థానంలో నిలిచారు. ఆరంభపు ఎత్తులకు సంబంధించిన గ్రంథ పరిజ్ఞానం ఆయనకు లేదు. ఎదుటివారు పుస్తకాలలో చదివి వచ్చిన ఎత్తులను ఆయన బల్ల ముందు కూర్చుని స్వయంగా కనిపెట్టవలసి వచ్చేది. అప్పుడు ఆంగ్ల ఆటగాళ్ళు విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ ఆయనతో కూర్చుని సాధన చేయించారు. వీరిద్దరూ ఆ అభ్యాస పోటీలో ఆయనకన్న పైస్థానాలలో నిలిచినవారే. ఆ వేసవిలోనే సుల్తాన్ ఖాన్ బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. 1932లోనూ, 1933లోనూ తిరిగి అదే బిరుదు గెలిచారు. మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను 1930–31 హేస్టింగ్స్ పోటీలో ఓడించారు. అదే ఇంటి కొలువు నుండి వచ్చిన ఫాతిమా అనే యువతి 1933లో బ్రిటిష్ మహిళా ఛాంపియన్ అయ్యారు. మన విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోవాలని మా కోరిక.

1933 చివర సుల్తాన్ ఖాన్ స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆ పైన అంతర్జాతీయ చదరంగంలో ఆయన మళ్ళీ కనిపించలేదు. 1966లో కన్నుమూశారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించినది 2024లో, అనగా మరణించిన యాభై ఎనిమిదేళ్ళకు. అంతటివాని క్రీడాజీవితం లండనులో గడిపిన కొద్ది సంవత్సరాలలోనే ముగిసిపోయిందంటే, అందుకు కారణం ప్రతిభ లోపమని ఎవరనగలరు? ప్రతిభ ఆయనదే. కాని దానికి మెరిసే వీలు కల్పించినవి అవకాశం, తోడు. అవి ఉన్నంతకాలం గెలిచారు. అవి తొలగినప్పుడు తెరమరుగయ్యారు.

ఈనాటి ఒక ఉదాహరణ

ఈ సమస్య చదరంగానికే పరిమితం కాదు. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ప్రకటించారు. కొందరు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక కల్పిత పాత్రను ధరించి, పాచికల సాయంతో అందరూ కలిసి కథ నడిపే ఆట అది. ఇందులో విజేత అంటూ ప్రత్యేకంగా ఉండడు. దాని నియమాలు గ్రంథ రూపంలో ఉంటాయి కనుక, పాఠ్యపుస్తకాల వలె కొత్త ముద్రణలు వెలువడుతుంటాయి. 2000లో వచ్చిన మూడవ ముద్రణలో కవచ బలాన్ని లెక్కించే పద్ధతి తలక్రిందులైంది. అంతకు పూర్వం సంఖ్య తగ్గినకొద్దీ రక్షణ ఎక్కువ. ఆ తరువాత సంఖ్య పెరిగినకొద్దీ రక్షణ ఎక్కువ. ఏళ్ళ తరబడి తక్కువ సంఖ్యను చూసి సంతోషించిన ఆటగాడు ఎక్కువ సంఖ్యను చూసి సంతోషించడం నేర్చుకోవలసి వచ్చింది. 2008లో వచ్చిన నాలుగవ ముద్రణ ఆట తీరునే చాలా మార్చగా, అది నచ్చనివారిలో అనేకులు పాత నియమాలతోనే ఆడుకున్నారు. పాత నియమాల ధోరణిని కొనసాగించిన పాత్‌ఫైండర్ అనే ఆట 2009లో వెలువడి ఆదరణ పొందింది. 2014లో ఐదవ ముద్రణ, 2024లో దాని సవరించిన గ్రంథాలు వచ్చాయి.

గమనించదగినదేమంటే, ఈ ఆటలో నియమం మార్చేవాడు ప్రచురణకర్త అయినా, దానిని స్వీకరించేది బల్ల చుట్టూ కూర్చున్న మిత్రబృందమే. పాత పుస్తకాన్ని ఎవరూ లాక్కుపోరు. కొత్త ముద్రణకు మారాలా వద్దా, మారితే పాత కథలోని పాత్రలను ఏ విధంగా తీసుకురావాలి అన్నది వారు కలిసి నిర్ణయించుకోవాలి. ఒకరు చదివి వచ్చి తక్కినవారికి చెబుతారు. తొలి కొన్ని ఆటలలో పొరపాట్లను అందరూ ఓర్చుకుంటారు. అలా చేసిన బృందం నిలుస్తుంది. ఒకరి తడబాటును మరొకరు ఎగతాళి చేసిన బృందం విడిపోతుంది. లూసెనా గ్రంథంలోనూ, వింటర్, యేట్స్‌ల సహాయంలోనూ కనిపించినది ఇదే సూత్రం.

మనకు అన్వయం

పైన చెప్పిన ఉదాహరణల నుండి మూడు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, పాత అలవాటులో ఏది చెల్లదో గుర్తించి వదలాలి. రెండవది, ఏది నేటికీ చెల్లుతుందో గుర్తించి నిస్సంకోచంగా వెంట తెచ్చుకోవాలి. మూడవది, ఈ రెండు పనులూ ఒంటరిగా చేయడం కష్టం. ముందు నడిచినవారు చేయి అందించాలి.

మన కళాశాలలో ఏటా చేరే విద్యార్థులలో అనేకులు అంతవరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి, ఒక్కసారిగా ఆంగ్ల పాఠాల ముందు కూర్చుంటారు. వారి పరిస్థితి 1929 వసంతంలో సుల్తాన్ ఖాన్ పరిస్థితి వంటిదే. ఆట తెలుసు, ఆరంభపు ఎత్తులు తెలియవు. తొలి పరీక్షలో వచ్చిన మార్కులను చూసి వారిని మందబుద్ధులని నిర్ణయించడం, ఆ అభ్యాస పోటీని చూసి సుల్తాన్ ఖాన్‌ను పనికిరానివాడని పంపివేయడంతో సమానం. ఆనాడు లండనులో ఆ పొరపాటు జరగలేదు. మన వద్దనూ జరగకూడదు.

కనుక కళాశాల పాలక సంఘానికి మా మనవి ఇది. మొదటి సంవత్సరం విద్యార్థికి పై తరగతి విద్యార్థిని ఒకరిని తోడుగా నియమించాలి. ప్రతి శాస్త్రానికీ ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పదాలు ప్రక్కప్రక్కన గల చిన్న పదపట్టికలను ఉపాధ్యాయుల సహాయంతో తయారు చేయించి గ్రంథాలయంలో ఉంచాలి. లూసెనా వలె రెండు తలుపులూ తెరిచి ఉంచడం మన విద్యార్థులకు ఎంతో మేలు చేస్తుంది. పఠన మందిరంలో నాలుగు చదరంగపు బల్లలు వేయించినా మంచిదే. ఖర్చు స్వల్పం, ఫలం అధికం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొంది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచారు. వరంగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు నాటికి 2800 రేటింగు దాటారు. మన నేలలో ప్రతిభకు కొరత లేదు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. నియమం మారిందని నిరుత్సాహపడవద్దు. మీరు వెంట తెచ్చుకున్న భాష, అలవాట్లు, ఆలోచనా విధానం కొత్త బల్ల మీద బరువు కావు. మహేశ్ చంద్రుల బంట్ల వలె అవి నెమ్మదిగా, ఒక్కొక్క గడే నడిచినా, సమయం వచ్చినప్పుడు బల్లను ఏలగలవు. కొత్త ఎత్తులు నేర్చుకోండి. పాత నేర్పును మరువకండి. రేపు మీ ప్రక్కన కూర్చునే కొత్తవారికి మీరే వింటరులు, యేట్సులు కండి.